రాజ్యం హయ్యరు పరీక్ష

గుంటూరు వెళ్ళే బండి మంగళగిరి స్టేషన్లో ఎక్కువసేపు ఆగదు. అందుకని రమణమ్మ బండి కనపడకముందే లేచి, ఫిడేలు పెట్టెను చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులా ఎత్తుకుని, అసలు బిడ్డను మాత్రం "నా కొంగు పట్టుకో" అని పక్కన నిలబెట్టుకునేది. అసలు బిడ్డ పేరు రాజ్యలక్ష్మి. ఇంట్లో అందరికీ రాజ్యం. పాఠాలు మొదలుపెట్టిన రోజుల్లో అది రమణమ్మ నడుము దాకా ఉండేది. తర్వాత భుజం దాకా వచ్చింది, ఆ తర్వాత భుజం కూడా దాటింది. అయినా బండెక్కేటప్పుడు కొంగు పట్టుకోమనడం రమణమ్మ మానలేదు, అది పట్టుకోవడమూ మానలేదు.

సాలెల ఇంట్లో ఫిడేలేమిటని వీధిలో అడగనివాళ్ళు లేరు. మొదట్లో రమణమ్మే అడిగింది. ఆమె మొగుడు పానకాలు మంచి నేతగాడు. గొంతు ఇంకా మంచిది. శనివారం భజనలో అతను ఎత్తుకుంటే తప్ప పాట నిలబడేది కాదు. కుర్రతనంలో ఎక్కడో నవమి పందిట్లో ఫిడేలు విని, ఆ రాత్రి నిద్రపోలేదట. నేర్చుకుందామంటే చెప్పేవాళ్ళు దొరకలేదు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని పాడుకుంటూ ఉంటే పక్కన ఆడుకునే పిల్ల తప్పులేకుండా తిరిగి పాడేది. ఆ పిల్లే రాజ్యం. దాన్ని చూసి అతనికి పాత పిచ్చి మళ్ళీ పట్టుకుంది. గుంటూరులో ఒక ప్లీడరు గారింట్లో అటక మీద పడివున్న ఫిడేలు ఉందని తెలిసి, వెళ్ళి బతిమాలి తెచ్చాడు.

"ఆడపిల్ల నూలు కండెలు చుట్టుకుంటే నీకు చేదోడు కదయ్యా. దీనికి ఈ గోలేంది?" అంది రమణమ్మ.

"కండెలు నేను చుట్టుకుంటాలే. నువ్వు దాన్ని గుంటూరు తీసుకెళ్ళి తీసుకురా, అంతే" అన్నాడు పానకాలు.

అట్లా మొదలైంది. బ్రాడీపేటలో వెంకటనారాయణ గారని ఫిడేలు మాస్టారు. ఆయన ఇంటి ముందు పొడుగాటి అరుగు. లోపల పిల్లలు, అరుగు మీద తల్లులు. ప్లీడర్ల భార్యలు ఆ చివర చాప వేసుకుని కూర్చునేవారు. రమణమ్మ ఈ చివర ఫిడేలు పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఆమెకు స్వరాలూ తెలియవు, తాళమూ తెలియదు. లోపలినుంచి వచ్చేదాంట్లో ఏది తన కూతురిదో మాత్రం తెలుసు. మిగతా పిల్లలు వాయిస్తుంటే అప్పుడప్పుడూ పళ్ళు జివ్వుమనేవి. రాజ్యం వాయిస్తుంటే కునుకు వచ్చేది. అదే ఆమెకు తెలిసిన సంగీతం.

రెండేళ్ళు గడిచాక మాస్టారు ఒకరోజు అరుగు మీదికి వచ్చి, "ఏమమ్మా, మిగతా పిల్లలకు రోజూ నేనే ఫిడేలు శ్రుతి చేసి ఇవ్వాలి. మీ అమ్మాయి తనే చేసుకుంటుంది. నిన్న నాది కూడా కాస్త దిగిందని చెప్పింది. చూస్తే నిజమే" అన్నాడు. ఆ మాట ప్లీడర్ల భార్యలు కూడా విన్నారు. రమణమ్మ ఇంటికి రాగానే మొగుడికి ఆ మాట రెండుసార్లు చెప్పింది. అతను మూడోసారి చెప్పించుకున్నాడు. ఆ తర్వాత ఆమె మళ్ళీ కండెల మాట ఎత్తలేదు.

సంగీతంలో లోయరు పరీక్ష రాజ్యం ఫస్టు క్లాసులో పాసైంది. హయ్యరు కూడా అయితే ఆడపిల్లల బడిలో సంగీతం టీచరు ఉద్యోగం వస్తుందని మాస్టారు అన్నాడు. పానకాలు అక్కడితో ఆగలేదు, ఊహల్లో విజయవాడ రేడియో దాకా వెళ్ళిపోయాడు. రేడియోలో పేరు ఎట్లా చెబుతారో మగ్గం మీద కూర్చుని గొంతు మార్చి చెప్పి చూపించేవాడు. రాజ్యం సిగ్గుపడి ఇంట్లోకి పారిపోయేది.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటేడు చలికాలంలో రాజ్యానికి దగ్గు పట్టుకుంది. గుంటూరులో మిరపకాయల గోడౌన్ల పక్కగా నడిస్తే దగ్గనివాళ్ళెవరు? ఆ ఘాటేననుకున్నారు. తర్వాత సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడటం మొదలైంది. రాత్రుళ్ళు హయ్యరు పరీక్షకు చదువుతోంది కదా, అలసటేననుకున్నారు. ఒకరోజు బండిలో దగ్గి, నోటికి అడ్డం పెట్టుకున్న గుడ్డను గబుక్కున మడిచి దాచబోయింది. రమణమ్మ లాక్కుని చూసింది. ఎర్రగా ఉంది.

గుంటూరు డాక్టరు ఎక్స్‌రే తీయించి, క్షయ అన్నాడు. ఇప్పుడు మందుందమ్మా, భయం లేదు, స్ట్రెప్టోమైసిన్ అని ఇంజక్షన్, నెలల తరబడి వెయ్యాలి అన్నాడు. మాస్టారు సంగతి విన్నాడు. "తగ్గేదాకా పాఠానికి తీసుకురావద్దమ్మా. మిగతా పిల్లలున్నారు కదా" అన్నాడు. అన్నందుకు ఆయనే బాధపడ్డాడు. రమణమ్మకు ఆయనమీద కోపం రాలేదు. తన బిడ్డను చూసి ఇంకొక తల్లి తన బిడ్డను పక్కకు లాక్కుంటుందని అనుకుని ఆ అరుగు దిగి వచ్చేసింది.

ఊళ్ళో నన్నే సాహెబ్ అని కాంపౌండరు. రోజూ సైకిలు మీద వీధి చివరనుంచే బెల్లు కొట్టుకుంటూ వచ్చేవాడు, సూది మరగబెట్టడానికి నీళ్ళు పెట్టమని గుర్తుగా. రమణమ్మ పొయ్యి మీద నీళ్ళు పెట్టేది. రాజ్యం గోడవైపు తిరిగి పడుకునేది. అతను వెళ్ళాక పచ్చిగుడ్డు, పాలు. నేత ఇంట్లో ఏనాడూ లేని తిండి. పానకాలు రెండు మగ్గాల పని ఒక్కడే చేశాడు. పాట మానేశాడు.

ఎండలు ముదిరేసరికి జ్వరం తగ్గింది. దగ్గూ తగ్గింది. ఒక మధ్యాహ్నం, మగ్గం ఆపి పానకాలు భోజనానికి లేస్తుంటే, రాజ్యం మంచం మీదనుంచి, "అమ్మా, నాన్న మగ్గం ఆపినా నా చెవుల్లో ఆడుతూనే ఉందేంటి?" అంది.

ఆలుమగలిద్దరూ దాన్ని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళారు. ఆయన దాన్ని బయట బల్లమీద కూర్చోబెట్టి, వీళ్ళను లోపలికి పిలిచాడు. మెత్తగా, దాచకుండా చెప్పాడు. ఆ మందు కొందరికి చెవి నరాన్ని తింటుంది. ఆపితే హోరు ఆగవచ్చు, ఆగకపోనూవచ్చు. కానీ ఊపిరితిత్తుల్లో మచ్చ ఇంకా మానలేదు.

"ఆపితే ఏమవుతుందండీ?" అన్నాడు పానకాలు.

"ఇప్పుడాపితే తిరగబెడుతుంది. తిరగబెడితే బతుకుతుందని నేను చెప్పలేను."

"వేస్తూ ఉంటే?"

"బతుకుతుంది. చెవుల సంగతి చెప్పలేను."

"ఇది ఫిడేలు నేర్చుకుంటోందండీ" అన్నాడు పానకాలు. డాక్టరు గారికి అది తెలియదు. ఆయన కలం కింద పెట్టాడు. పానకాలు రమణమ్మ వైపు చూశాడు.  తలుపు సందులోంచి రాజ్యం కనపడుతోంది. కాళ్ళు ఊపుతూ, గోడమీద బొమ్మ ఏదో చూస్తోంది. రమణమ్మ డాక్టరు వైపు తిరిగి, "వెయ్యండి" అంది.

బయటికి వచ్చాక, "ఏమన్నారు?" అంది రాజ్యం. "నీరసానికట. తగ్గిపోతుందట" అన్నాడు తండ్రి.

హోరు తగ్గింది, నిజమే. హోరుతోపాటు ఇంకా చాలా తగ్గాయి. ఒకరోజు నన్నే సాహెబ్ బెల్లు కొట్టుకుంటూ గుమ్మం దాకా వచ్చినా రాజ్యం గోడవైపు తిరగలేదు. అతను ఎదురుగా వచ్చి నిలబడ్డాక ఉలిక్కిపడింది. పొయ్యి దగ్గర రమణమ్మ చెయ్యి అట్లాగే ఆగిపోయింది. ఆరోజునుంచి ఆమె కూతుర్ని వెనకనుంచి పిలవడం మానేసింది. పిలిస్తే పలకదేమోనని భయం. ఎదురుగా వెళ్ళి, మొహం చూస్తూ మాట్లాడేది. రాజ్యం కూడా ఎవరు మాట్లాడినా పెదవుల వంక చూడటం అలవాటు చేసుకుంది. తనకు వినపడటం లేదని అది ఎవరికీ చెప్పలేదు. ఎవరూ దాన్ని అడగలేదు.

ఇంజక్షన్లు అయిపోయాయి. మచ్చ మానింది. ఒళ్ళు చేసి, చెంపల్లో నునుపు వచ్చి, రాజ్యం ఎప్పటికంటే అందంగా తయారైంది. పానకాలు హయ్యరు పరీక్షకు పేరు పంపించాడు. రమణమ్మ మళ్ళీ ఫిడేలు పెట్టె ఎత్తుకుంది.

అరుగు మీద కూర్చుంటే తెలిసిపోయింది. కింది తీగల మీద పాత రాజ్యమే. పైకి వెళ్ళేసరికి వేలు ఎక్కడో తడబడి, పళ్ళు జివ్వుమన్నాయి. లోపల మాస్టారు, "పైన గాంధారం దిగిందమ్మా, చూసుకో" అంటున్నాడు. కాసేపటికి మళ్ళీ అదే మాట. ఇంకాసేపటికి ఆయన గొంతు పెరిగింది. పాఠం అయ్యాక రాజ్యాన్ని బండి వేళ చూసి రమ్మని పంపి, రమణమ్మ మొట్టమొదటిసారి ఆయన గది గడప దగ్గర నిలబడింది.

"మాస్టారూ, దాన్ని కోప్పడకండి. దానికి వినపడదు."

ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫిడేలు కమాను చాపమీద పెట్టేశాడు. "మరి ఎట్లా వాయిస్తోంది?"

"నాకేం తెలుసు బాబూ."

మరునాటి పాఠంలో రాజ్యమే చెప్పింది. మాస్టారు పలకమీద రాసి అడిగితే చెప్పింది. "ఫిడేలు గుండెకి ఆనుతుంది కదా మాస్టారూ, కింది తీగలు ఎముకలో తెలుస్తాయి. పైవి తెలియవు. వేలికి చోటు గుర్తుంది, అక్కడ పెడుతున్నాను. చాలా తప్పు పోతోందా?" గొంతు కాస్త పెద్దదైంది. అరుగు మీద తల్లులు లోపలికి తొంగి చూశారు.

పరీక్ష వద్దని చెప్పడానికి మాస్టారు మంగళగిరి వచ్చాడు. పానకాలు చేతులు కట్టుకుని విన్నాడు. విని, "దాన్నే అడగండి మాస్టారూ" అన్నాడు. రాజ్యం మాస్టారి పెదవులు చూసి, తండ్రి మొహం చూసి, "వాయిస్తాను. చేతికి వచ్చు" అంది. మాస్టారు నిట్టూర్చి, "శ్రుతి నేను చేసి ఇస్తాను. ఆ తర్వాత బిరడాలు ముట్టుకోవద్దు" అన్నాడు.

మరుసటేడు వేసవిలో పరీక్ష, గుంటూరులో ఒక ఆడపిల్లల బడిలో. మండే ఎండ. రేకుల వసారాలో పిల్లలందరినీ వరసగా కూర్చోబెట్టారు. మాస్టారు శ్రుతి చేసి ఇచ్చి, గురువులు లోపల ఉండకూడదన్నారని గేటు అవతలకు వెళ్ళిపోయాడు. పిలుపు ఆలస్యమైంది. రేకుల వేడికి అందరి ఫిడేళ్ళూ కాగుతున్నాయి. పిల్లలు మధ్యమధ్య తీగ మీటి చూసుకుంటూ, చెవి దగ్గర పెట్టుకుని సరిచేసుకుంటున్నారు. రాజ్యం మాస్టారు చెప్పినట్టే, తీగలు బిగించే బిరడాలు ముట్టుకోకుండా బుద్ధిగా కూర్చుంది.

దాని పేరు పిలిస్తే పక్క పిల్ల మోచేత్తో పొడిచి లేపింది. రమణమ్మ కిటికీ దగ్గరకు చేరింది. లోపల బల్ల వెనక ఇద్దరు పరీక్షకులు. పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని వర్ణం వాయించమన్నాడు. రాజ్యం కూర్చుని, ఫిడేలు గుండెకి ఆనించి, కళ్ళు మూసుకుని మొదలుపెట్టింది.

పై తీగ జారిపోయి ఉంది. రమణమ్మకు సంగీతం రాకపోయినా మొదటి వరసకే ఒళ్ళు జలదరించింది. చెక్కమీద మేకు గీసినట్టుంది. రాజ్యం మొహంలో మాత్రం ఎంత నెమ్మది. కనుబొమలు పైకెత్తి, పెదవుల చివర చిన్న నవ్వుతో, తలను మెల్లగా ఊపుతూ వాయిస్తోంది. లోయరు పరీక్ష రోజున ఎట్లా ఉందో అట్లాగే ఉంది.

"ఆగమ్మా. తీగ దిగింది. శ్రుతి చూసుకో" అన్నాడు పెద్దాయన.

రాజ్యం వాయిస్తూనే ఉంది.

"ఆగమంటున్నాను కదా" అన్నాడు. రెండో ఆయన బల్లమీద కొట్టాడు. వసారాలో పిల్లలు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకుని నవ్వారు. రమణమ్మ కిటికీ ఊచలు పట్టుకుని చెయ్యి ఊపింది. కళ్ళు మూసుకున్నవాళ్ళకు చెయ్యి ఏం కనపడుతుంది? వర్ణం రెట్టింపు వేగంతో రెండో కాలంలోకి వెళ్ళింది. చివరకు పెద్దాయన లేచి వచ్చి కమాను పట్టుకున్నాడు.

రాజ్యం కళ్ళు తెరిచింది. ఆయన మొహం చూసింది, బల్ల వెనక రెండో ఆయన మొహం చూసింది, కిటికీలో తల్లి మొహం చూసింది. "ఇంకోటి వాయించమంటారా అండీ?" అంది. గది అవతలికి వినపడేంత పెద్దగా అడిగింది.

రమణమ్మ అడక్కుండానే లోపలికి వెళ్ళిపోయింది. "అయ్యా, పిల్లకు పెద్ద జబ్బు చేసింది. ఇంజక్షన్లకు చెవులు పోయినాయి. అంతకుముందు బాగా వాయించేది బాబూ. లోయరు ఫస్టున పాసైంది" అంటూ ఏవేవో చెప్పింది. పెద్దాయన చెడ్డవాడేం కాదు. కమాను జాగ్రత్తగా రాజ్యం చేతికిచ్చి, "ముందే చెప్పకపోయావా తల్లీ" అన్నాడు.

"చెబితే పాసు చేస్తారా?" అంది రాజ్యం.

ఆయన తర్వాతి పేరు పిలవమని సైగ చేశాడు.

తిరుగు బండిలో రాజ్యం తల్లికి ఎదురుగా కూర్చుంది. గుంటూరు స్టేషను దాటాక, "ఇంజక్షన్ల వల్లనా?" అంది. రమణమ్మ ఉలిక్కిపడింది. పరీక్షకుడితో చెప్పేటప్పుడు కూతురు తన పెదవులు చూస్తోందని అప్పుడు గుర్తురాలేదు. రైలు పెట్టెలో జనం తిరిగి చూస్తున్నారు. రమణమ్మ అవునని తల ఊపింది.

"మీకు ముందే తెలుసా?"

ఊపింది.

"మరి నన్నెందుకు అడగలేదమ్మా?"

రమణమ్మ వంగి, దాని మొహానికి ఎదురుగా మొహం పెట్టి, "అడిగితే ఏం చెప్పేదానివి?" అంది.

రాజ్యం ఆలోచించింది. పెదకాకాని వచ్చింది, బండి ఆగింది, మళ్ళీ కదిలింది. "ఆపమనేదాన్ని" అంది.

"అందుకే అడగలేదు" అంది రమణమ్మ. ఆ మాట దానికి అందిందో లేదో తెలియదు. అప్పటికే కిటికీవైపు తిరిగింది. మంగళగిరిలో దిగేటప్పుడు కొంగు పట్టుకోలేదు.

ఫలితాలు వచ్చాయి. అందులో దాని నంబరు లేదు. ఉంటుందని ఎవరూ అనుకోలేదు, అయినా పానకాలు గుంటూరు వెళ్ళి బోర్డు చూసి వచ్చాడు. విజయవాడలో చెవుల డాక్టరుకు చూపించాడు. ఆయన చెవి దగ్గర గంటలాంటిదేదో మోగించి చూసి, ఆ నరం ఇక రాదన్నాడు. ఎవరో పసరు పోశారు. ఎవరో తాయెత్తు కట్టారు. భజనలో ఒకాయన, రోజూ చెవి దగ్గర నాదం వినిపిస్తూ ఉంటే నరం మేలుకుంటుందని చెప్పాడు. పానకాలు అది పట్టుకున్నాడు.

ఆరోజునుంచి సాయంత్రం మగ్గం దిగి, కాళ్ళు కడుక్కుని, వసారాలో రాజ్యాన్ని పీటమీద కూర్చోబెట్టి, దాని వెనక తను కూర్చునేవాడు. ఏడాదికి పైగా తాళం పడ్డ గొంతు తెరిచి, దాని చెవి దగ్గర సా, పా, సా అని నిలబెట్టి పాడేవాడు. పాడి, "వినపడుతోందా అమ్మా?" అనేవాడు.

మొదటి రోజుల్లో రాజ్యం లేదని తల అడ్డంగా ఊపింది. ఒకరోజు, "ఊఁ, కొంచెం వినపడుతోంది నాన్నా" అంది. పానకాలు ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాడు. మర్నాడు ఇంకాస్త బాగా వినపడుతోందంది. వారం తిరిగేసరికి అతను వచ్చే ఏడు పరీక్ష మాట ఎత్తాడు.

రమణమ్మ పొయ్యి దగ్గరనుంచి చూస్తూనే ఉంది. ఒకరోజు కూతురి వెనక నిలబడి ఇత్తడి పళ్ళెం నేలమీద వదిలేసింది. పక్కింటివాళ్ళు ఏమైందని పలకరించారు. రాజ్యం కండె చుట్టుకుంటూ తల ఎత్తలేదు. మరి నాన్న అడిగే వేళ ఎట్లా తెలుస్తోంది? చెవికి ఊపిరి తగలడం ఆగితే, అడుగుతున్నాడని లెక్క. అప్పుడు ఊఁ అంటుంది. అంతే. మొగుడికి చెబుదామని రమణమ్మ చాలాసార్లు మగ్గం దాకా వెళ్ళింది. అతను మళ్ళీ పాడుతూ నేస్తున్నాడు. అన్నం తింటున్నాడు. చెప్పలేక వెనక్కి వచ్చేది. పాపం, నమ్మాడు, కొన్నాళ్ళు నమ్మనీ అనుకునేది.

కార్తీకమాసం వచ్చింది. పొద్దు త్వరగా గుంకుతోంది. ఆ సాయంత్రం కూడా పానకాలు దాని వెనక కూర్చుని పాడాడు. ఎప్పటికంటే ఎక్కువసేపు పాడాడు.  ఆపి, "వినపడుతోందా అమ్మా?" అన్నాడు.

రాజ్యం ఊఁ అనలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ముందుకు చూస్తూ, "వినపడటం లేదు నాన్నా. ఒక్కరోజు కూడా వినపడలేదు. నువ్వు బాధపడతావని అన్నాను" అంది.

పానకాలు మొహం ఇంకా దాని చెవి దగ్గరే ఉంది. "తెలుసు తల్లీ. నాకు ఎప్పుడో తెలుసు" అన్నాడు. పొయ్యి దగ్గర ఉన్న రమణమ్మకు వినపడింది.

చెవికి ఊపిరి తగిలి రాజ్యం వెనక్కి తిరిగింది. "ఏమన్నావు నాన్నా?"

అతను దాని మొహం వంక చూశాడు. రెండోసారి ఆ మాట అనడానికి నోరు తెరిచాడు, అనలేకపోయాడు. "ఏం లేదు" అన్నట్టు చెయ్యి తిప్పి, వేళ్ళు నోటి దగ్గర పెట్టుకుని, అన్నానికి లెమ్మని సైగ చేశాడు.

రమణమ్మ ముగ్గురికీ కంచాలు పెట్టింది.